స్పానిష్ నీడలో ఇంగ్లిష్ గ్రామర్

"ఐ హ్యావ్ ట్వెంటీ ఇయర్స్."
"ఈజ్ రెయినింగ్."
"ది పీపుల్ ఈజ్ హ్యాపీ."

ఈ మూడు వాక్యాలూ చదవగానే మనలో చాలామంది చెయ్యి ఎర్ర పెన్ను కోసం వెతుక్కుంటుంది. మూడిట్లోనూ తప్పుంది, నిజమే. కానీ వీటినే మాటకి మాట స్పానిష్‌లోకి మార్చి చూడండి. "తెంగో బేయింతె ఆన్యోస్." "ఎస్తా యోబియెందో." "లా హేంతె ఎస్తా ఫెలీస్." మూడూ నిక్షేపంలాంటి స్పానిష్ వాక్యాలు. అంటే ఆ మాటలన్న మనిషికి గ్రామర్ బాగానే వచ్చు. కాకపోతే అది ఇంకో భాష గ్రామర్.

నేను ఏడాదిన్నరగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. ప్రతి ఆదివారం రాత్రి ఏడున్నరకి, కొలంబియా రాజధాని బొగొతాలో సివిల్ ఇంజనీరింగ్ చదివే ఒకమ్మాయితో గంటసేపు ఆన్‌లైన్‌లో మాట్లాడతాను. అక్కడ అప్పటికి ఉదయం తొమ్మిది. మొదటి అరగంట స్పానిష్, రెండో అరగంట ఇంగ్లిష్. ఆ రెండో అరగంటలో నేను గమనించినవీ, దాని చుట్టూ చదువుకున్నవీ కలిపి ఈ పాఠం రాస్తున్నాను. స్పానిష్ వాళ్ళు ఇంగ్లిష్ వ్యాకరణంలో ఎక్కడ జారతారు, ఎందుకు జారతారు, ఎలా సాధన చేస్తే నిలబడతారు అన్నదే విషయం. మధ్యమధ్యలో మన తెలుగుని పక్కన పెట్టి చూస్తాను. పక్కవాడి నీడ చూస్తే మన నీడ ఎటు పడుతోందో తెలుస్తుంది కదా.

ఇది తెలుగు పత్రిక కాబట్టి ఇంగ్లిష్, స్పానిష్ వాక్యాలన్నీ మన లిపిలోనే రాశాను. పైకి చదువుకోండి. స్పానిష్‌లో త, ప, క అచ్చం మన త, ప, కల్లాగే పలుకుతాయి. మొదట్లో వచ్చే 'హెచ్' పలకదు. 'బి', 'వి' అక్షరాలు రెండూ ఒకే శబ్దం. ఈ మూడు సంగతులు చాలు.

దగ్గరి చుట్టంతో వచ్చే చిక్కు

స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు దాదాపు యాభై కోట్ల మంది. లిపి ఇంగ్లిష్‌దే. పైగా ఇంగ్లిష్‌లో సగానికి పైగా మాటలు లాటిన్ నుంచో, ఫ్రెంచ్ మీదుగానో వచ్చినవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక ఫ్రెంచ్ మాటలు వరదలా వచ్చిపడ్డాయి. స్పానిష్ కూడా లాటిన్ బిడ్డే. అందుకని నాసియోన్ అంటే నేషన్, ఇన్‌ఫర్మాసియోన్ అంటే ఇన్ఫర్మేషన్, ఉనివెర్సిదాద్ అంటే యూనివర్సిటీ. ఇలాంటివి వేలల్లో ఉన్నాయి. మనం బట్టీ పట్టి తెచ్చుకున్న వొకాబులరీలో పెద్ద వాటా వాళ్ళకి పుట్టింటి నుంచే వస్తుంది.

మరి చిక్కు ఎక్కడ? ఆ చుట్టరికంలోనే. కర్పేతా అంటే కార్పెట్ కాదు, ఫోల్డర్. ఎక్సితో అంటే ఎగ్జిట్ కాదు, విజయం. లిబ్రేరియా లైబ్రరీ కాదు, పుస్తకాల షాపు. ఆక్తువాల్మెంతె అంటే యాక్చువల్లీ కాదు, ప్రస్తుతం. ఎంబరసాదా అంటే ఎంబరాస్డ్ అనుకుంటే నవ్వులపాలే, దానర్థం గర్భవతి.

అయినా మాటల తప్పులు అంత ప్రమాదం కాదు. ఒకసారి డిక్షనరీ చూస్తే దొరికిపోతాయి. వ్యాకరణం అలా కాదు. దాన్ని మనం చూడం, దానిలోంచి చూస్తాం. కళ్ళజోడు లాగ. అందుకే ఒక్కొక్కటీ విడదీసి చూద్దాం.

1. కనబడని కర్త

స్పానిష్‌లో క్రియ చివరే మనిషిని చెబుతుంది. ఆబ్లో అంటే మాట్లాడతాను, ఆబ్లాస్ అంటే మాట్లాడతావు, ఆబ్లా అంటే మాట్లాడతాడు లేదా మాట్లాడుతుంది. మన తెలుగు కూడా అంతే కదా. "రేపు వస్తాను" అంటే చాలు, "నేను" అక్కర్లేదు. ఎందుకంటే ఆ "ను" ఆ పని చేసేసింది.

ఇంగ్లిష్ క్రియలకి ఈ తోకలు ఎప్పుడో రాలిపోయాయి. స్పీక్, స్పీక్, స్పీక్స్. మిగిలింది ఒక్క 'ఎస్' మాత్రమే. క్రియ చూసి మనిషిని గుర్తుపట్టలేం కాబట్టి ప్రతి క్రియ ముందూ కర్త నిలబడాల్సిందే. కర్తే లేని చోట కూడా ఒక బొమ్మ కర్తను నిలబెట్టాలి. "ఇట్ ఈజ్ రెయినింగ్" అన్నప్పుడు ఆ "ఇట్" ఏది? ఏదీ కాదు. కుర్చీ ఖాళీగా ఉండకూడదని పెట్టిన బొమ్మ. స్పానిష్‌లో "ఎస్తా యోబియెందో" అన్నప్పుడు ఆ కుర్చీయే లేదు. అందుకే "ఈజ్ రెయినింగ్", "ఈజ్ ఇంపార్టెంట్", "ఈజ్ లేట్" అని వస్తుంది. మన "చలిగా ఉంది", "ఆలస్యమైంది" కూడా ఇదే జాతి.

సాధన: రాసిన పేరాలో ప్రతి క్రియ చుట్టూ సున్నా చుట్టడం. దాని కర్త ఎక్కడుందో వేలితో చూపించడం. చూపించలేకపోతే అక్కడ ఒకటి పెట్టడం. బొగొతా అమ్మాయి ఇది రోజూ ఐదు వాక్యాలకే చేసేది. నెల తిరిగేసరికి రాతలో "ఈజ్ రెయినింగ్" పోయింది. మాటలో పోవడానికి ఇంకా చాలా టైం పట్టింది. ఆ తేడా ఎందుకో చివర్లో చెబుతాను.

2. "నాకు" అనే వాక్యాలు

వయసు చెప్పాలంటే స్పానిష్‌లో "కలిగి ఉన్నాను" అంటారు. ఆకలి, దాహం, చలి, నిద్ర, భయం అన్నీ అంతే. "తెంగో ఆంబ్రె" అంటే మాటకి మాట "నేను ఆకలిని కలిగి ఉన్నాను". చివరికి "నువ్వన్నది కరెక్టే" అనడానికి కూడా "నీకు న్యాయం ఉంది" అన్నట్టు చెబుతారు. ఇంగ్లిష్‌లో ఇవన్నీ "యామ్, ఈజ్, ఆర్"తో నడుస్తాయి. ఐ యామ్ ట్వెంటీ, ఐ యామ్ హంగ్రీ, యూ ఆర్ రైట్.

ఇష్టం దగ్గరికొస్తే ఇంకా తమాషా. "మె గుస్తా ఎల్ కఫే" అన్న వాక్యంలో కర్త మనిషి కాదు, కాఫీ. కాఫీ నాకు నచ్చుతుంది అని అర్థం. "మె" అంటే నాకు. ఈ వాక్యం మొదటిసారి విన్నప్పుడు నాకు ఏ వివరణా అక్కర్లేకపోయింది. "నాకు కాఫీ ఇష్టం", "నాకు కాఫీ నచ్చుతుంది" అని పుట్టినప్పటి నుంచీ అంటున్నదే. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళకి స్పానిష్‌లో ఇదే కొరుకుడుపడని పాఠం అంటారు. మనకి అది అమ్మమ్మ మాట.

ఇటు నుంచి అటు వెళ్ళినప్పుడు మాత్రం స్పానిష్ వాళ్ళూ మనమూ ఒకే పడవ. ఇంగ్లిష్‌లో "నాకు"ని "నేను" చెయ్యాలి. "మీ లైక్స్ కాఫీ" కాదు, "ఐ లైక్ కాఫీ". సాధనకి మంచి దారి: "నాకు"తో మొదలయ్యే పది వాక్యాలు తెలుగులో రాసుకుని, ప్రతిదానికీ ఇంగ్లిష్‌లో "ఐ"తో మొదలయ్యే వాక్యం రాయడం. స్పానిష్ వాళ్ళు "మె", "తెంగో"లతో ఇదే చేస్తారు.

3. ది ఎక్కడ, ఎ ఎక్కడ

ఇక్కడ దారులు విడిపోతాయి. తెలుగులో ఆర్టికల్స్ లేవు. స్పానిష్‌లో ఉన్నాయి, అదీ దండిగా. "జీవితం చిన్నది" అనాలంటే "లా బీదా ఎస్ కోర్తా". ఆ "లా" ఆర్టికల్. కాబట్టి ఇంగ్లిష్‌లో "ది లైఫ్ ఈజ్ షార్ట్" అంటారు. జీవితం, ప్రేమ, నీళ్ళు, పిల్లలు అని మొత్తం జాతి గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లిష్ ఆర్టికల్ వదిలేస్తుంది, స్పానిష్ పెడుతుంది. వృత్తి చెప్పేటప్పుడు సరిగ్గా తిరగబడుతుంది. "సోయ్ ఇంహెనియేరా" అంటే "నేను ఇంజనీరుని". స్పానిష్‌లో ఆర్టికల్ లేదు. ఇంగ్లిష్‌లో మాత్రం "ఐ యామ్ యాన్ ఇంజనీర్" అనాలి.

గమనించారా? ఆర్టికల్స్ అనే చాప్టర్ స్పానిష్ విద్యార్థికి మొత్తం చదవాల్సిన పని లేదు. "ఇంతకుముందు చెప్పుకున్నదైతే ది, కొత్తదైతే ఎ" అన్న మూల సూత్రం వాళ్ళ భాషలోనే ఉంది. వాళ్ళకి కావలసింది ముఖ్యంగా రెండు చోట్ల: జాతి మొత్తం అన్నప్పుడు తీసెయ్యి, వృత్తి చెప్పినప్పుడు పెట్టు. మనకైతే మూల సూత్రమే కొత్త. ఒకే గ్రామర్ పుస్తకం, ఒకే చాప్టర్, కానీ ఇద్దరి హోంవర్కూ వేరు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగిలే టైం ఎంతో.

4. "డు" అనే వింత

"ఆబ్లాస్ ఇంగ్లెస్?" అంటే "ఇంగ్లిష్ మాట్లాడతావా?" గొంతు పైకి లేపితే చాలు, ప్రశ్న అయిపోతుంది. కాదనడానికి క్రియ ముందు "నో" పెడితే చాలు: "నో ఆబ్లో". కాబట్టి ఇంగ్లిష్‌లో మొదట వచ్చేవి "యూ స్పీక్ ఇంగ్లిష్?", "ఐ నో స్పీక్". ఇంగ్లిష్ మాత్రం ఎక్కడి నుంచో "డు"ని తెచ్చి ముందు కూర్చోబెడుతుంది. నిజానికి ఇది పాత ఇంగ్లిష్‌లో కూడా తప్పనిసరి కాదు. షేక్స్పియర్ కాలంలో "డు" పెట్టినవీ పెట్టనివీ రెండు రకాల వాక్యాలూ నడిచాయి. తర్వాతే ఇది నియమంగా స్థిరపడింది.

ఈ "నో" గురించి భాషాశాస్త్రంలో ఒక ప్రసిద్ధమైన అధ్యయనం ఉంది. 1970లలో జాన్ షూమన్ అనే పరిశోధకుడు, అమెరికాలో ఉంటున్న 33 ఏళ్ళ కోస్టారికా దేశస్థుడి ఇంగ్లిష్‌ని పది నెలల పాటు గమనించాడు. పుస్తకంలో అతనికి పెట్టిన పేరు ఆల్బెర్తో. ఆ పది నెలల్లో ఆల్బెర్తో "నో" దశ దాటి పెద్దగా ముందుకు కదల్లేదు. అప్పుడు షూమన్ ప్రత్యేకంగా కూర్చోబెట్టి "డోంట్, డజంట్" పాఠం చెప్పాడు. ఫలితం ఆలోచించదగ్గది. వాక్యం ఇచ్చి మార్చమంటే ఆల్బెర్తో బాగా మెరుగయ్యాడు. మామూలుగా కబుర్లు చెప్పేటప్పుడు మాత్రం మళ్ళీ "నో"నే. ఆల్బెర్తో ఎక్కువగా స్పానిష్ మాట్లాడేవాళ్ళ మధ్యే బతికాడనీ, ఇంగ్లిష్ మనుషులతో అతనికున్న దూరమే అసలు కారణమనీ షూమన్ వాదించాడు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ జరిగింది. కానీ ఖాళీలు పూరించడం ఒక విద్య, మాట్లాడడం ఇంకో విద్య అన్న పాఠం మాత్రం మనకి మిగిలింది.

5. నుంచి, దేస్దె, సిన్స్

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు, ఎందుకంటే బొగొతా, మన ఊరు ఇక్కడ కలుస్తాయి.

"ఐదేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాను." దీన్ని మనవాళ్ళు "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అంటారు. స్పానిష్‌లో "బీబో ఆకీ దేస్దె ఆసె సింకో ఆన్యోస్". వాళ్ళనేది "ఐ లివ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్". రెండు చోట్లా కారణం ఒక్కటే. ఒకటి, పని ఇంకా సాగుతోంది కాబట్టి రెండు భాషలూ వర్తమానం వాడతాయి. రెండు, మన "నుంచి" లాగే వాళ్ళ "దేస్దె" కూడా "2019 నుంచి" అనడానికీ "ఐదేళ్ళ నుంచి" అనడానికీ రెంటికీ పనికొస్తుంది.

ఇంగ్లిష్ ఈ రెండిటినీ విడగొడుతుంది. మన భాషలో చెప్పాలంటే సిన్స్‌కి టీ-జీరో కావాలి, ఫర్‌కి డెల్టా-టీ కావాలి. సిన్స్ 2019, సిన్స్ మండే. ఫర్ ఫైవ్ ఇయర్స్, ఫర్ టూ అవర్స్. క్రియకి ఒక కాలు గతంలో, ఒక కాలు ఇప్పట్లో: "ఐ హ్యావ్ లివ్డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్". ఒక గీత గీసి, మొదలైన చోట చుక్క పెట్టి, ఇప్పటిదాకా షేడ్ చెయ్యండి. చుక్క పేరు చెబితే సిన్స్, షేడ్ పొడవు చెబితే ఫర్. బొగొతా అమ్మాయికి ఈ బొమ్మ చూపించాక ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంజనీరింగ్ చదివినందుకు ఇదో లాభం.

6. అక్కడ ఒకటి, ఇక్కడ రెండు

స్పానిష్‌లో "అసేర్" ఒక్కటే, ఇంగ్లిష్‌లో మేక్, డు రెండు. కాబట్టి "మేక్ ది హోంవర్క్" అంటారు. తెలుగులో కూడా "చెయ్యి" ఒక్కటే, కాబట్టి మనవాళ్ళు "డిడ్ ఎ మిస్టేక్" అంటారు. "దెసీర్" ఒక్కటే, ఇంగ్లిష్‌లో సే, టెల్ రెండు. అందుకని "హి సెడ్ మీ". మనకీ "చెప్పాడు" ఒక్కటే. మనం "నాకు"లోని "కు"ని కూడా వెంట తీసుకెళ్ళి "టోల్డ్ టు మీ" అంటాం. "ఎన్" ఒక్కటే, ఇంగ్లిష్‌లో ఇన్, ఆన్, యట్ మూడు. బల్ల మీదున్నదాన్ని "ఇన్ ది టేబుల్" అనేది అందుకే.

కొన్ని చోట్ల మనకి లేని కష్టాలు వాళ్ళకున్నాయి. "లా హేంతె" అంటే జనం, కానీ అక్కడది ఏకవచనం. అందుకే "పీపుల్ ఈజ్". మనం "జనం వచ్చారు" అని బహువచనం వాడతాం కాబట్టి "పీపుల్ ఆర్" మనకి సులువు. వాళ్ళ విశేషణం ఎక్కువగా నామం తర్వాత వస్తుంది, నామంతో పాటు బహువచనం కూడా అవుతుంది. మనకి విశేషణం ముందే ఉంటుంది, మారదు. "తెల్ల ఇల్లు, తెల్ల ఇళ్ళు", అచ్చం ఇంగ్లిష్ లాగే.

ఇలాంటి జతలకి రూల్ పనిచెయ్యదు. మాటల్ని గుత్తులుగా పట్టుకోవాలి. మేక్ ఎ మిస్టేక్, డు ది హోంవర్క్, టెల్ మీ, సే సంథింగ్, ఆన్ ది టేబుల్, డిపెండ్ ఆన్. విడి మాట ఎప్పుడూ రాసుకోకూడదు, గుత్తి రాసుకోవాలి.

7. మర్యాద ఎక్కడికి పోయింది?

స్పానిష్‌లో తూ, ఉస్తేద్ ఉన్నాయి, మన నువ్వు, మీరు లాగ. బొగొతాలో ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో కూడా ఉస్తేద్ వాడేవాళ్ళు చాలామంది. ఇంగ్లిష్‌లో అందరూ "యూ"నే. మరి మర్యాద ఏమైంది? అది కుడ్, వుడ్, మే లాంటి సహాయ క్రియల్లోకి వెళ్ళి దాక్కుంది.

కొలంబియాలో కాఫీ అడిగేటప్పుడు "మె రెగాలా ఉన్ తింతో" అంటారు. మాటకి మాట "ఒక బ్లాక్ కాఫీ నాకు కానుకగా ఇస్తారా" అని. డబ్బులు ఇచ్చే కొంటారు, అది కేవలం మర్యాద. దాన్ని అలాగే ఇంగ్లిష్‌లో పెడితే ఫ్రీగా ఇమ్మన్నట్టుంటుంది. మనం "ఇవ్వండి"లోని "అండి"ని ఇంగ్లిష్‌లోకి తేలేక "గివ్ మీ ది ఫైల్, సార్" అంటాం. మనసులో మర్యాద ఉంది, వాక్యంలో లేదు. "కుడ్ యూ గివ్ మీ", "కుడ్ ఐ హ్యావ్" అన్న రెండు గుత్తులు ఇద్దరికీ సగం దారి చూపిస్తాయి. మెయిల్ రాసేటప్పుడు ముందు ఇది చూసుకోండి, తర్వాతే స్పెల్లింగ్.

అన్నిటికీ మాతృభాషే కారణమా?

కాదు. ఈ ప్రశ్న మీద పెద్ద కథే నడిచింది. రాబర్ట్ లాడో అనే భాషావేత్త 1957లో, రెండు భాషల్ని పక్కపక్కన పెట్టి పోలిస్తే విద్యార్థి ఎక్కడ కష్టపడతాడో ముందే చెప్పొచ్చని వాదించాడు. లాడో స్పానిష్ కుటుంబంలో పుట్టి, పెద్దయ్యాక ఇంగ్లిష్ నేర్చుకున్నవాడే. 1967లో పిట్ కార్డర్, తప్పుల్ని తుడిచెయ్యాల్సిన మరకల్లా కాకుండా, నేర్చుకునేవాడి బుర్రలో ఏం జరుగుతోందో చెప్పే సాక్ష్యాలుగా చూడాలన్నాడు. 1972లో లారీ సెలింకర్, నేర్చుకునేవాడి భాషకి దానిదంటూ ఒక వ్యవస్థ ఉంటుందని చెప్పి దానికి ఇంటర్‌లాంగ్వేజ్ అని పేరు పెట్టాడు.

1974లో డ్యూలే, బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు, స్పానిష్ పిల్లలూ చైనీస్ పిల్లలూ ఇంగ్లిష్‌లోని చిన్న చిన్న వ్యాకరణ రూపాల్ని దాదాపు ఒకే వరుసలో పట్టుకుంటున్నారని చూపించారు. "ఇంగ్" ముందు వస్తుంది. "షి వర్క్స్"లోని థర్డ్ పర్సన్ ఎస్ బాగా ఆలస్యంగా వస్తుంది. ఇక్కడ ఆగి ఆలోచించండి. స్పానిష్ క్రియకి మనిషిని బట్టి రూపం మారుతుంది. అన్ని రూపాల్ని చిన్నప్పుడే తేలిగ్గా మోసినవాళ్ళకి ఒక్క ఎస్ బరువా? అయినా "షి వర్క్" అంటూనే ఉంటారు. కాబట్టి కొన్ని తప్పులు మాతృభాష నీడలు, కొన్ని అందరూ ఎక్కాల్సిన మెట్లు. నీడని పోలికతో పట్టుకోవచ్చు. మెట్టుకి మాత్రం ఓపిక, వినికిడి కావాలి.

వినికిడి అన్నాను కాబట్టి ఒక ముక్క. 1941లో ఫ్రాంకో ప్రభుత్వం స్పెయిన్‌లో విదేశీ సినిమాలకి స్పానిష్ డబ్బింగ్ తప్పనిసరి చేసింది. ఆ ఉత్తర్వు పోయినా అలవాటు నిలిచిపోయింది. పక్కనున్న పోర్చుగల్‌లో సినిమాలు ఎక్కువగా సబ్‌టైటిల్స్‌తో నడుస్తాయి. ఒకే సినిమా చూసినా ఒకరి చెవిలో రెండు గంటల ఇంగ్లిష్ పడింది, ఇంకొకరి చెవిలో పడలేదు. డబ్బింగ్ బొమ్మలతో పెరిగిన మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

సాధన: రాతకి ఒక గంట, మాటకి ఒక గంట

పోయిన సెమిస్టర్‌లో బొగొతా అమ్మాయికి ఒక కంపెనీ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ పడింది, ఇంగ్లిష్‌లో. మట్టి పరీక్షల మీద అడిగారు. ఆమెకి బాగా తెలిసిన విషయం. కానీ ప్రతి వాక్యాన్నీ నోట్లోంచి రాకముందే తలలో దిద్దుకుంటూ కూర్చుంది. కర్త ఉందా, ది పెట్టాలా, డజంటా డోంటా అని చూసుకునేలోపు వాళ్ళు తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు. ఆ ఇంటర్న్‌షిప్ రాలేదు. "నాకు మట్టి తెలుసు, నోరే తెలీలేదు" అని స్పానిష్‌లో అంది. మన గ్రూప్ డిస్కషన్లలో గోడవారన మౌనంగా కూర్చునే వాళ్ళలో ఎంతమందికి విషయం తెలిసి ఉంటుందో మీకు తెలుసు.

ఆ తర్వాత ఆమె సాధనని రెండుగా విడగొట్టింది. అదే నేను మీకు సిఫార్సు చేస్తున్నాను.

రాత సాధన. ఒక నోట్‌బుక్కు, మూడు గడులు. మొదటి గడిలో నేను అన్న వాక్యం, రెండో గడిలో దాని వెనకున్న మాతృభాష వాక్యం, మూడో గడిలో సరైన వాక్యం. రెండో గడే ముఖ్యం. అది నింపగలిగితే నీడ, నింపలేకపోతే మెట్టు. వారానికి ఒక్క రకం తప్పునే ఎంచుకోవాలి. ఈ వారం కర్త అంటే కర్త మాత్రమే, ఆర్టికల్స్ జోలికి పోకూడదు.

మాట సాధన. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. మధ్యలో దిద్దుకోకూడదు. అయిపోయాక విని, ఆ వారం ఎంచుకున్న తప్పుని మాత్రమే లెక్కపెట్టాలి. మళ్ళీ అదే విషయం మీద ఇంకో రెండు నిమిషాలు. ఆల్బెర్తో కథ చెప్పేది ఇదే: పరీక్షలో సరిగ్గా రాసింది నోట్లోకి రావాలంటే నోటితోనే చెయ్యాలి. ఎదురుగా మాట్లాడే మనిషి ఉంటే ఇంకా మంచిది.

ఈ నెల మొదట్లో ఆమెకి ఇంకో ఇంటర్వ్యూ జరిగింది. ఫలితం ఇంకా రాలేదు. "తప్పులు దొర్లాయి, కానీ వాక్యాలన్నీ పూర్తయ్యాయి" అని చెప్పింది.

మీ వంతు

స్పానిష్ వాళ్ళ నోట తరచూ వినిపించే ఐదు వాక్యాలు. వెనక ఏముందో ఊహించి, సరిచెయ్యండి.

ఒకటి: ఐ యామ్ అగ్రీ విత్ యూ.
రెండు: ఐ డోంట్ నో నథింగ్.
మూడు: ఐ స్టడీ ఫర్ టు లర్న్.
నాలుగు: షి డ్రీమ్స్ విత్ హర్ గ్రాండ్‌మదర్.
ఐదు: ఎక్స్‌ప్లెయిన్ మీ ది ప్రాబ్లెమ్.

జవాబులు. ఒకటి: "ఎస్తోయ్ దె అకుయేర్దో", అంటే "ఒప్పుదలలో ఉన్నాను". ఆ "ఉన్నాను" యామ్‌గా వచ్చింది. ఇంగ్లిష్‌లో అగ్రీ తనంతట తానే క్రియ, కాబట్టి "ఐ అగ్రీ". రెండు: "నో సే నాదా". స్పానిష్‌లో రెండు కాదులు కలిసి ఒక గట్టి కాదు. ఇంగ్లిష్‌లో "ఎనీథింగ్" అనాలి. మన "ఏమీ తెలీదు"లోని "ఏమీ" సరిగ్గా "ఎనీథింగ్" లాంటిదే, అందుకే ఈ తప్పు మనకి తక్కువ. మూడు: "పారా అప్రెందేర్". "పారా" అంటే కోసం. ఇంగ్లిష్‌లో ఒట్టి "టు లర్న్" చాలు. నాలుగు: "సోన్యార్ కోన్", ఫలానావాళ్ళతో కల కనడం. "డ్రీమ్స్ అబౌట్" అనాలి. ఐదు: ఇది ఇద్దరి ఖాతాలోనూ ఉంది. "నాకు వివరించు" అని మనమూ అంటాం, వాళ్ళూ అంటారు. "ఎక్స్‌ప్లెయిన్ ది ప్రాబ్లెమ్ టు మీ".

ఇక రెండో గడిలో తెలుగు వాక్యాలు రాయాల్సింది మీరే. ఈ వారం మీ నోట విన్న ఒక ఇంగ్లిష్ వాక్యాన్ని పట్టుకుని, దాని వెనకున్న తెలుగు వాక్యంతో కలిపి క్లబ్‌కి పంపండి. పేర్లు వేయం. వచ్చినవాటిని రకాలుగా విడదీసి, ఏవి నీడలో ఏవి మెట్లో వచ్చే సంచికలో కలిసి చూద్దాం.